రెండు ఒడ్ల దేశం
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా శ్రీకాకుళంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం.

ఆఫ్రికా గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. గంటలో అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పనట్టే అవుతుంది. అందుకని ఒక్క దేశమే చెబుతాను, గాంబియా గురించి చెబుతాను అన్నాను. ‘జాంబియానా సార్?’ అన్నారు. జాంబియా వేరండీ, అది దక్షిణాన ఉన్న రాగి గనుల దేశం. నేను చెప్పబోయేది పడమటి ఒడ్డున, అట్లాంటిక్ పక్కన ఉంది. గోడ మీది ఈ మ్యాపులో వేలు పెడితే వేలి కిందే మాయమైపోతుంది.

ఇంత చిన్న దేశాన్ని ఎందుకు పట్టుకున్నానంటే, భూగోళానికీ రాజకీయానికీ ఉన్న లంకె ఇక్కడ కనిపించినంత తేటగా పెద్ద దేశాల్లో కనిపించదు. గాంబియా అంటే ఒక నది, దాని రెండు ఒడ్లు. అంతే. జనం ఎక్కడ పోగయ్యారు, ఖజానాకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, పొరుగువాడితో తగాదా దేని మీద, ఇలా ఏది అడిగినా తిరిగి తిరిగి ఆ నది దగ్గరికే వస్తాం.

ముందు కొలతలు చెప్పేస్తాను. విస్తీర్ణం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. రెండు పాత శ్రీకాకుళం జిల్లాలంత కూడా లేదు. ఆఫ్రికా ప్రధాన భూభాగం మీద ఇదే అతి చిన్న దేశం. తూర్పు నుంచి పడమరకు మూడు వందల కిలోమీటర్లకు పైగా పొడుగుంటుంది. వెడల్పు మాత్రం ఎక్కడా 50 కిలోమీటర్లు దాటదు, చాలాచోట్ల అందులో సగమే. పడమట సముద్రం, మిగతా మూడు వైపులా ఒకే దేశం సెనెగల్. కొండల్లేవు. దేశం మొత్తంలో ఎత్తైన చోటు కూడా సముద్ర మట్టానికి 70 మీటర్లు ఉండదు.

ఈ ఆకారం మనసుకు ఎక్కాలంటే గోదావరిని తలుచుకోండి. భద్రాచలం దగ్గర్నుంచి సముద్రం దాకా నదికి ఇటు కొంత, అటు కొంత గీత గీశారు. ఆ గీతల మధ్యది ఒక దేశం, అక్కడ ఆఫీసు భాష ఇంగ్లీషు. గీతలకు అవతల రెండు వైపులా ఉన్నది ఇంకో దేశం, అక్కడ ఆఫీసు భాష ఫ్రెంచి. రెండు చోట్లా ఉండేది మీ మేనమామలూ మేనత్తలే. పెళ్లికి వెళ్లాలంటే సరిహద్దు దాటాలి. ఫ్రెంచివాళ్లు గోదావరి మీద యానాం ఒక్కటే అట్టేపెట్టుకున్నారు కాబట్టి మనకు అది ఒక చిన్న విడ్డూరంగా మిగిలింది. అక్కడ విడ్డూరమే దేశమైంది.

ఆ గీత ఎవరు గీశారో చూద్దాం. దీని మీద ఒక కథ ప్రచారంలో ఉంది. బ్రిటిష్ యుద్ధనౌక నదిలో ఎగువకు పోతూ రెండు వైపులా ఫిరంగులు పేల్చిందట, గుండు ఎంతదూరం పడితే అంతవరకూ సరిహద్దు అన్నారట. వినడానికి బాగుంటుంది గానీ, ఫిరంగి పేలలేదు, కలం కదిలింది. 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. నదికి ఇరువైపులా సుమారు పది కిలోమీటర్లు బ్రిటన్‌కి, మిగిలింది ఫ్రాన్స్‌కి. నది వంపు తిరిగిన చోటల్లా సరిహద్దు కూడా వంపు తిరిగింది. అక్కడ ఎవరున్నారు, ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ ఊరి పొలం ఎక్కడుంది, ఇవేవీ చూడలేదు.

అంతకుముందు 1870ల్లో ఈ రెండు దేశాలూ గాంబియాను మార్పిడి చేసుకోవాలని కూడా బేరమాడాయి. మీ గాంబియా మాకివ్వండి, మరోచోట మా భూమి తీసుకోండి అని. అక్కడ వ్యాపారం చేస్తున్నవాళ్లు గోల పెట్టడంతో ఆగింది. 1889 తర్వాత కూడా ఇది కొన్నాళ్ల ముచ్చటే, ఎప్పుడో ఒకప్పుడు ఫ్రాన్స్‌కి ఇచ్చేసి ఇంకేదైనా తీసుకుందామనే బ్రిటిష్ అధికారులు అనుకున్నారు. అలా తాత్కాలికంగా గీసిన గీతే అంతర్జాతీయ సరిహద్దుగా నిలబడిపోయింది.

నిజానికి ఈ నది కోసం యూరప్ వాళ్లు ఎగబడటం అంతకు రెండు వందల ఏళ్ల ముందే మొదలైంది. నదీముఖానికి కాస్త లోపల ఒక చిన్న దీవి ఉంది. 1651లో అక్కడ మొదట కోట కట్టింది ఎవరనుకుంటున్నారు? ఇంగ్లీషువాళ్లు కాదు, ఫ్రెంచివాళ్లు కాదు. కుర్లాండ్ అనే సంస్థానం. ఇవాళ అది బాల్టిక్ తీరంలో లాత్వియాలో భాగం. ఆ బుల్లి సంస్థానానికి ఆఫ్రికాలో ఏం పనండీ అంటే, అప్పట్లో ఓడ ఉన్న ప్రతివాడికీ పనే. 1661లో ఇంగ్లీషువాళ్లు దాన్ని లాక్కుని జేమ్స్ ఐలండ్ అన్నారు. బానిసలుగా పట్టుకున్న మనుషుల్ని అక్కడినుంచి అట్లాంటిక్ దాటించారు. 2011లో దాని పేరు కుంటా కింటే దీవిగా మార్చారు, ‘రూట్స్’ నవలలో బానిసగా పట్టుబడ్డ గాంబియా యువకుడి పేరది. యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, ఇక ఆ ఓడల్ని అడ్డుకోవడానికి నది నోట్లో ఇంకో దీవి మీద 1816లో బాథర్స్ట్ అనే పట్నం కట్టింది. అదే ఇప్పటి రాజధాని బంజుల్. 1973లో పేరు మారింది.

ఇక నది. గినీ దేశంలోని ఫూటా జాలన్ పీఠభూమిలో పుట్టి, సెనెగల్ మీదుగా గాంబియాలోకి వచ్చి, మొత్తం 1,120 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. నేల చదునుగా ఉండటం వల్ల సముద్రపు పోటు నదిలోకి చాలా దూరం ఎక్కుతుంది. వానలు జూన్ నుంచి అక్టోబరు దాకానే. మిగతా కాలంలో పైనుంచి వచ్చే మంచినీళ్లు తగ్గుతాయి, ఉప్పునీళ్లు 150 కిలోమీటర్లకు పైగా లోపలికి వస్తాయి. అందుకే దిగువన ఒడ్డుల వెంట మడ అడవులు, ఎగువన వరి మళ్లు. ఉప్పు ఎక్కిన మడి మళ్లీ వరికి పనికి రావడానికి ఏళ్లు పడుతుంది. వానలు తగ్గిన కొద్దీ ఆ ఉప్పు గీత పైకి జరుగుతుంది. కోస్తా రైతుకి ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

వరి అక్కడ ఆడవాళ్ల సేద్యం. పల్లపు మళ్లలో నాట్లూ కోతలూ వాళ్లవే. మగవాళ్లు మెరక మీద వేరుశనగ వేస్తారు. 19వ శతాబ్దంలో యూరప్‌లో సబ్బులకీ నూనెలకీ గిరాకీ పెరగడంతో వేరుశనగ అక్కడ పాతుకుపోయింది. వలస ప్రభుత్వం నడిచింది చాలావరకు ఆ వ్యాపారం మీద వచ్చిన సుంకంతోనే. నదిలో పడవల మీద కాయ దిగువకు వచ్చేది, ఎగువకు బియ్యం, బట్ట వెళ్లేవి. డబ్బు తెచ్చే పంట వేస్తే తిండి కొనుక్కోవాల్సి వస్తుంది. ఇవాళ్టికీ ఆ దేశం తినే బియ్యంలో ఎక్కువ భాగం దిగుమతే.

జనం సంగతికొద్దాం. 2024 జనాభా లెక్కల్లో సుమారు 24 లక్షల మంది. మన పాత జిల్లా జనాభా 2011లోనే 27 లక్షలు, కాబట్టి మీరే పోల్చుకోండి. 2013లో వాళ్లు 18 లక్షల 57 వేలు. అంటే పదకొండేళ్లలో ఐదున్నర లక్షలు పెరిగారు. సగం మందికి పైగా ఇరవై ఏళ్ల లోపు వాళ్లే. ప్రతి ఏడూ ఎన్ని బడులు, ఎన్ని ఉద్యోగాలు కావాలో ఊహించుకోండి.

రాజధానిలో మాత్రం తమాషా జరిగింది. దేశమంతా పెరుగుతుంటే బంజుల్ తగ్గింది. 1983లో 44 వేలుండేవాళ్లు, 2013కి 31 వేలు. దీవి కదా, చుట్టూ నీళ్లు, మడ అడవి, పెరగడానికి జాగా లేదు. జనం వంతెన దాటి సెరెకుండా వైపు, ఆ పక్కన బ్రికామా వైపు పోయారు. దేశంలో సగం మందికి పైగా ఇప్పుడు ఆ పడమటి మూలనే ఉన్నారు. మంత్రిత్వ శాఖలు బంజుల్‌లో, బతుకు సెరెకుండాలో. సాయంత్రమైతే రాజధాని ఖాళీ.

జాతుల లెక్క చూస్తే మాండింకాలు దాదాపు మూడో వంతు. తర్వాత ఫులాలు, వొలొఫ్‌లు, జోలాలు, సెరహులేలు, ఇంకా చిన్న చిన్న సమూహాలు. వీళ్లెవరూ గాంబియాలోనే ఉన్నవాళ్లు కారు. అందరికీ సరిహద్దు అవతల చుట్టాలున్నారు. నూటికి తొంభై ఐదు మంది ముస్లింలు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. బక్రీద్‌ని వాళ్లు టోబస్కీ అంటారు. ఆ రోజు మాంసం క్రైస్తవుల ఇళ్లకూ వెళ్తుంది.

నాకు బాగా నచ్చినది వాళ్ల వేళాకోళం చుట్టరికం. ఫలానా ఇంటిపేరు వాళ్లకీ ఫలానా ఇంటిపేరు వాళ్లకీ, ఫలానా జాతికీ ఫలానా జాతికీ మధ్య తరతరాలుగా ఎగతాళి చేసుకునే హక్కు ఉంటుంది. ముందెన్నడూ చూడని మనిషైనా, పేరు చెప్పగానే ‘మీరా, తిండిపోతులు కదూ’ అనొచ్చు. అవతలివాడు కోపం తెచ్చుకోకూడదు, తిరిగి అనాలి. బావామరదళ్ల సరసం ఊరంతటికీ పాకినట్టు. పోలీసు చెక్‌పోస్టు దగ్గరా, బస్సులో సీటు గొడవలోనూ ఇది పనికొస్తుంది. ఇన్ని భాషల జనం ఇంత ఇరుకు జాగాలో ఉండి కూడా అంతర్యుద్ధం చూడలేదంటే, రాజ్యాంగంతో పాటు ఇలాంటి వాటికీ కొంత వాటా ఇవ్వాలి.

కుర్రాళ్లు ఉద్యోగాల కోసం బయటికి పోతారు. సహారా దాటి లిబియా, అక్కడినుంచి రబ్బరు పడవల్లో ఇటలీ. ఈ దొంగదారికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘బ్యాక్ వే’. వెళ్లినవాళ్లలో ఎడారిలోనూ సముద్రంలోనూ పోయినవాళ్లు పోగా, మిగిలినవాళ్లు పంపే డబ్బు దేశ ఆదాయంలో ఐదో వంతు మించిపోయింది. వలస గురించి ఈ జిల్లాలో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ప్రభుత్వం. కింది నుంచి మొదలుపెడతాను. ఊరికి పెద్ద అల్కాలో. భూమి తగాదాలు, పన్ను వసూలు, కొత్తగా వచ్చినవాళ్లకి ఇంటిస్థలం చూపించడం ఆయన పని. కొన్ని ఊళ్లు కలిపితే జిల్లా, దానికి అధిపతి సెయ్‌ఫో. పెళ్లి, వారసత్వం, పొలం గట్టు లాంటి వ్యాజ్యాలు ఆయన అధ్యక్షతన ఉండే జిల్లా పంచాయితీలో తేలతాయి. ఈ పెద్దరికాన్ని బ్రిటిష్‌వాళ్లు తమ పాలనకు నిచ్చెనగా వాడుకున్నారు, స్వతంత్ర ప్రభుత్వాలూ అలాగే అట్టేపెట్టాయి. పైన ఐదు ప్రాంతాలు, వాటికి అధ్యక్షుడు నియమించే గవర్నర్లు. బంజుల్‌కీ, సెరెకుండా ఉన్న కనిఫింగ్‌కీ ఎన్నికైన మేయర్లు. జాతీయ శాసనసభలో 58 మంది. అందులో 53 మందిని జనం ఎన్నుకుంటారు, ఐదుగురిని అధ్యక్షుడు నియమిస్తాడు. అధ్యక్షుడి పదవీకాలం ఐదేళ్లు. ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చు. ఇదే పెద్ద లోటు, దీనికి మళ్లీ వస్తాను.

ఓటు వేసే పద్ధతి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. అక్కడ బ్యాలెట్ కాగితం లేదు, ఈవీఎం లేదు. గోళీ ఉంది. మీరు చిన్నప్పుడు ఆడిన గాజు గోళీయే. 1960ల్లో చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి ఈ ఏర్పాటు చేశారు. చాటు గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప డ్రమ్ము ఉంటుంది. దానికి పార్టీ రంగు, అభ్యర్థి ఫోటో, గుర్తు. పైన చిన్న గొట్టం. ఓటరు తనకు ఇచ్చిన గోళీని నచ్చిన డ్రమ్ములో వేస్తాడు. లోపల చిన్న గంట ఉంటుంది, గోళీ తగలగానే టింగుమంటుంది. రెండుసార్లు మోగిందంటే ఎవడో రెండు గోళీలు తెచ్చాడని బయట కూర్చున్న అధికారులకు తెలిసిపోతుంది. డ్రమ్ము అడుగున ఇసకో రంపపు పొట్టో పోస్తారు, అడుక్కి తగిలి ఇంకో చప్పుడు రాకుండా. పోలింగ్ దగ్గరికి గంట ఉన్న సైకిల్ రానివ్వరు. లెక్కపెట్టేటప్పుడు గుంటలున్న పళ్లేల్లో గోళీలు పోస్తారు. పళ్లెం నిండితే ఇన్ని వందలని లెక్క. వేలెత్తి చూపించాలంటే ఏజెంట్లందరి కళ్లముందే ఉంది.

ఇది చూసి నవ్వుకునేవాళ్లుంటారు. నాకైతే, చదువు రాని మనిషి కూడా ఎవరి సాయం లేకుండా వేసి, ఎవరి సాయం లేకుండా అర్థం చేసుకోగల ఓటు ప్రపంచంలో అంత సులువుగా దొరకదనిపిస్తుంది. దాని బలం 2016లో తెలిసింది.

ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1965 ఫిబ్రవరి 18న స్వాతంత్ర్యం వచ్చింది, 1970లో గణతంత్రమైంది. తొలి నాయకుడు దావుదా జవారా, పశువుల డాక్టరు. అప్పటి ఆఫ్రికాలో ఎన్నికలు ఆగకుండా జరిగిన కొద్ది దేశాల్లో ఇదొకటి. ఆఫ్రికా మానవ హక్కుల ఒడంబడికను బంజుల్ చార్టర్ అని పిలుస్తారు, హక్కుల కమిషన్ కార్యాలయం ఇప్పటికీ అక్కడే. 1981లో జవారా చార్ల్స్, డయానాల పెళ్లికి లండన్ వెళ్తే, వెనక తిరుగుబాటు జరిగింది. సెనెగల్ సైన్యం వచ్చి అణిచింది. 1994 జులై 22న మళ్లీ తిరుగుబాటు జరిగింది, ఈసారి నిలిచింది. నాయకుడు యాహ్యా జమ్మే, 29 ఏళ్ల లెఫ్టినెంటు. 22 ఏళ్లు ఏలాడు. ఎయిడ్స్‌కి మూలికా వైద్యం చేస్తానని 2007లో ప్రకటించాడు. విద్యార్థుల మీద కాల్పులు, 2004లో దేదా హైదరా అనే పత్రికా సంపాదకుడి హత్య, రాత్రిళ్లు మనుషులు మాయమవడం, అన్నీ ఆ కాలంలోనివే.

2016 డిసెంబరు 1న ఎన్నికలు. ఈసారి ఒక్క నిబంధన మారింది. గోళీల్ని ఎక్కడికో తీసుకెళ్లి లెక్కించడం కాకుండా ఏ బూత్‌లో పడినవి ఆ బూత్‌లోనే లెక్కపెట్టాలన్నారు. అభ్యర్థుల ఏజెంట్లు అంకెలు రాసుకున్నారు, ఫోన్లలో చెప్పుకున్నారు. ఇక పైన మార్చడానికి ఏమీ మిగల్లేదు. అదామా బారో అనే స్థిరాస్తి వ్యాపారికి 43 శాతం, జమ్మేకి 40కి కాస్త తక్కువ. తేడా 19 వేల చిల్లర ఓట్లు. జమ్మే మొదట టీవీలో ఓటమి ఒప్పుకున్నాడు, వారం తిరిగేసరికి మాట మార్చాడు. బారో 2017 జనవరి 19న ప్రమాణం చేసింది సొంత గడ్డ మీద కాదు, సెనెగల్ రాజధాని డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి సైన్యం సరిహద్దు దాటాక, జనవరి 21న జమ్మే విమానం ఎక్కి ఈక్వటోరియల్ గినీకి వెళ్లిపోయాడు.

తర్వాత సత్య శోధన కమిషన్ వేసి బహిరంగ విచారణ జరిపారు. చంపినవాళ్లే కూర్చుని ఎలా చంపామో చెప్పడం జనం టీవీల్లో చూశారు. 2019లో ఇదే దేశం రోహింగ్యాల మీద మారణహోమం జరిగిందంటూ మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. దీని వెనక ఉన్న అప్పటి న్యాయశాఖ మంత్రి అబూబకర్ తంబదూ అంతకుముందు రువాండా మారణహోమాన్ని విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో పనిచేసినవాడు.

అయితే మెచ్చుకోలు ఇక్కడితో ఆపాలి. పదవీకాలాలకు హద్దు పెట్టే కొత్త రాజ్యాంగం 2020లో శాసనసభలో వీగిపోయింది. నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి, రాలేదు. 2025లో తెచ్చిన ఇంకో ముసాయిదాకీ అదే గతి. జమ్మే కాలంలో రాసిన 1997 రాజ్యాంగమే నడుస్తోంది. బారో 2021లో 53 శాతంతో మళ్లీ గెలిచాడు.

ఇంకో మాట, ఇది మనం చెప్పుకోవలసిన మాట. 2022లో అక్కడ 70 మంది దాకా పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. భారతదేశంలో తయారైన నాలుగు దగ్గు సిరప్‌లలో విషపదార్థం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మన ప్రభుత్వం ఆ సంబంధాన్ని ఒప్పుకోలేదు. అప్పటికి గాంబియాలో మందుల్ని పరీక్షించే ప్రయోగశాలే లేదు. చిన్న దేశం అంటే ఏమిటో, పటంలో కన్నా ఇక్కడ ఎక్కువ తెలుస్తుంది. అమ్మినవాడి మాట నమ్మి తాగించడం తప్ప వాళ్లకు ఇంకో దారి లేకపోయింది.

నా సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభ నుంచి ఒక విద్యార్థి: మూడు వైపులా సెనెగలే ఉన్నప్పుడు, జనం కూడా వాళ్లే అయినప్పుడు, అందులో కలిసిపోవచ్చు కదా సార్?)

కలవబోయారు బాబూ. 1981 తిరుగుబాటు తర్వాత 1982 ఫిబ్రవరిలో సెనెగాంబియా సమాఖ్య ఏర్పడింది. 1989లో విడిపోయింది. సుంకాల దగ్గర చెడింది. గాంబియాలో దిగుమతి సుంకం తక్కువ. బంజుల్ రేవులో దిగిన బియ్యం, పంచదార, బట్ట సరిహద్దు దాటి సెనెగల్‌లో అమ్ముడుపోతాయి. దాన్ని గాంబియా వ్యాపారమంటుంది, సెనెగల్ స్మగ్లింగ్ అంటుంది. సుంకాలు ఒకటి చేస్తే గాంబియా ఖజానాకి గండి. అందుకని వాళ్లు నాన్చారు, సెనెగల్‌కి విసుగొచ్చింది.

సెనెగల్ వైపు బాధ కూడా వినాలి. గాంబియా వాళ్ల దేశాన్ని అడ్డంగా కోసేసింది. దక్షిణాన ఉన్న కాసమాన్స్ నుంచి రాజధాని డాకర్‌కి నేరుగా రోడ్డు మీద వెళ్లాలంటే రెండుసార్లు సరిహద్దు దాటాలి, మధ్యలో నది మీద పంటు ఎక్కాల్సి వచ్చేది. లారీలు రోజుల తరబడి ఆగేవి. 1982 నుంచి కాసమాన్స్‌లో వేర్పాటు పోరాటం నడవడానికి ఈ దూరం కూడా ఒక కారణం. చాలామంది సముద్రం మీద ఓడలో వెళ్లేవాళ్లు. 2002 సెప్టెంబరు 26న లె జూలా అనే ఓడ గాంబియా తీరం దగ్గర తిరగబడి 1,800 మందికి పైగా చనిపోయారు. ఆ ఓడ సామర్థ్యం ఆరు వందల లోపు. 2016లో గాంబియా లారీల మీద రుసుము పెంచితే సెనెగల్ డ్రైవర్లు నెలల తరబడి సరిహద్దు మూసేశారు, బంజుల్‌లో ధరలు ఎక్కాయి. చివరికి 2019 జనవరిలో ఫరాఫెన్ని దగ్గర నది మీద వంతెన తెరిచారు. దాని ఆలోచన దశాబ్దాల నాటిది. ఇక కలిసిపోవడం అంటావా, పాస్‌పోర్టు, జెండా, ఐక్యరాజ్యసమితిలో ఒక ఓటు చేతికొచ్చాక వాటిని వదులుకున్న దేశం నాకు తెలిసి అరుదు.

(మరొకరు: మన దేశంతో వాళ్లకు వ్యాపారం ఏముందండీ?)

మీరు పలాస వైపు వారా? అయితే మీకే బాగా తెలియాలి. మన జీడి పరిశ్రమలకు సరిపడా పిక్క ఇక్కడ పండదు, పశ్చిమ ఆఫ్రికా నుంచి వస్తుంది. బంజుల్ రేవు నుంచి పచ్చి జీడిపిక్కలు కొనే పెద్ద దేశాల్లో మనదొకటి. ఆ పిక్క అంతా గాంబియాలో పండింది కాదు. చాలావరకు సరిహద్దు అవతల కాసమాన్స్‌లో, గినీ బిస్సావులో పండి, సరిహద్దు దాటి బంజుల్ రేవుకు చేరుతుంది. ఒలిచి, కాల్చి, గ్రేడు చేసే పని ఇక్కడ జరుగుతుంది, కూలీ ఇక్కడ మిగులుతుంది. ఆ పని తమ దగ్గరే పెట్టుకోవాలని వాళ్లూ చూస్తున్నారు. అది కుదిరిన రోజున పలాసకు పిక్క ఎక్కణ్నుంచి వస్తుందో మీ సంఘంవాళ్లు ఇప్పట్నుంచే ఆలోచించుకోవాలి.